గండికోట టెంట్లు, హోమ్‌స్టేలకు వెబ్‌సైట్ ఉన్నవాళ్లు చూడండి

అందరికీ నమస్కారం. సైట్‌కి ఎంతమంది వచ్చారో చూసి సంబరపడొద్దన్నా. సైట్‌కి వచ్చేవాళ్ల లెక్కలు చూపే గూగుల్ అనలిటిక్స్‌లో ‘ఎంగేజ్డ్ సెషన్స్’ (ఆసక్తిగా చూసినవాళ్ల రాకలు) చూడండి. మనిషి 10 సెకన్లు దాటి ఉన్నా, రెండు పేజీలు తిప్పినా, మనం కీ ఈవెంట్‌గా, అంటే మనకు ముఖ్యమైన పనిగా, పెట్టుకున్నది చేసినా అందులోకి వస్తాడు. వాట్సాప్ బటన్ నొక్కడాన్నే కీ ఈవెంట్‌గా పెట్టుకోండి, మన బుకింగ్‌లన్నీ అక్కడి నుంచే కదా!

స్టేటస్‌లో, ఇన్‌స్టాలో పెట్టే లింకులకు వేర్వేరు యూటీఎం (ఎక్కడి నుంచి వచ్చారో తెలిపేలా లింక్ చివర పెట్టే గుర్తు) తగిలించండి. లేకపోతే చాలావరకు ‘డైరెక్ట్’ కింద పడిపోతాయి, ఎవరు ఎటునుంచి వచ్చారో తేలదు.

పెన్నా లోయ ఫోటోల పేజీకి జనం వచ్చి, బటన్ నొక్కకుండా పోతున్నారా? టెంటు రేటు, జమ్మలమడుగు నుంచి దారి ఆ పేజీలోనే రాయండి. రేటు దాచిపెడితే ఫోన్ చేస్తారనుకోవడం వట్టి భ్రమ.

డేటా రిటెన్షన్ (అనలిటిక్స్ మన డేటాను దాచి ఉంచే గడువు) మామూలుగా 2 నెలలే ఉంటుంది, అడ్మిన్‌లో 14 చేసుకోండి. చేతకాకపోతే నాకు ఫోన్ చేయండి. పాస్‌వర్డ్ మాత్రం గ్రూప్‌లో పెట్టకండి సామీ.