చిగుళ్లకు లేజర్: ముందు గార తీయాలి

సంపాదకులకు,

‘లేజర్‌తో చిగుళ్ల జబ్బు మాయం’ అనే ప్రకటనలు సగం మాటే చెబుతున్నాయి. తక్కువ శక్తి ఎర్ర లేజర్ ఒంటరిగా బ్యాక్టీరియాను పెద్దగా ఏమీ చేయదు. పళ్లకు గట్టిగా పట్టిన గార తీశాక, పంటికీ చిగురుకీ మధ్య సందులో మిథిలిన్ బ్లూ రంగును అడుగు నుంచి నింపాలి. కొన్ని నిమిషాలాగి, మిగులు రంగు కడిగి, 660 నానోమీటర్ల ఎర్ర లేజర్ కాంతిని ఒక్కోచోట నిమిషం దాకా పెట్టాలి. రంగు ఆ కాంతిని పీల్చి, అక్కడి ఆక్సిజన్‌ను చురుకైన రూపంలోకి మారుస్తుంది. బ్యాక్టీరియా పొరను దెబ్బతీసేది అదే. కడగకపోతే పైనున్న రంగే కాంతిని మింగేస్తుంది. నెత్తురు కారుతున్నా అంతే. లోతైన సందుల్లో ఆక్సిజన్ తక్కువ, ఫలితమూ తక్కువే. ఇది గార తీయడానికి తోడు, బదులు కాదు. దవడ వాచి, జ్వరమొస్తే దీనితో సరిపెట్టకూడదు. రోగికి కూడా రక్షణ కళ్లద్దాలు పెట్టాలి. చాలాచోట్ల మరిచేది ఇదే.

– దంత వైద్యులు, గుంటూరు