మిక్సీ కొనేముందు జారు అడుగు చూడండి

సంపాదకుల వారికి,

నమస్కారం. కొత్త మిక్సీ ఏడాది తిరక్కముందే మూలపడితే ఇంట్లో ముందుగా మాట పడేది దాన్ని వాడే ఆడవాళ్ళే. నిండా వేశావనీ, ఆపకుండా తిప్పావనీ అంటారు. అలా పాడైన మిక్సీలు విప్పి బాగుచేసేది మేము. వాడకంలో పొరపాట్లు ఉంటాయి, కాదనం. కానీ కొన్ని మోడళ్ళు ఎంత జాగ్రత్తగా వాడినా పాడవుతాయి. వాటి తయారీలోనే లోపం ఉంది.

తిరుపతి గాంధీ రోడ్డులో కొన్నా, చిత్తూరు హైరోడ్డులో కొన్నా, ఫోన్లో ఆర్డరు పెట్టినా, అందరూ చూసేది రంగు, వాట్లు, ఎన్ని జార్లు ఇస్తున్నారన్నది. చూడాల్సింది జారు అడుగూ, అది కూర్చునే మోటారు పైభాగమూ.

బ్లేడు కడ్డీ జారు అడుగున ఒక బుష్‌లో, అంటే చిన్న గొట్టం లాంటి తొడుగులో, తిరుగుతుంది. నీళ్ళు దిగకుండా దానికి రబ్బరు సీలు ఉంటుంది. వేయించిన మిరపకాయలు, చెనక్కాయలు వేడి మీదే వేసి తిప్పుతుంటే ఆ సీలు త్వరగా గట్టిపడుతుంది. బుష్ కూడా అరుగుతుంది. ఏ మిక్సీకైనా ఎప్పుడో ఒకప్పుడు ఇది తప్పదు. అందుకే ఆలోచించి చేసిన మిక్సీలో మోటారు కడ్డీ చుట్టూ చిన్న గట్టు, పక్కన నీళ్ళు పోయే రంధ్రం ఉంటాయి. కారిన నీళ్ళు బయటికి వెళ్ళిపోతాయి. చూడ్డానికి నున్నగా ఉండాలని ఆ గట్టు తీసేసిన మోడళ్ళలో నీళ్ళు కప్లర్ (మోటారు తిప్పుడును జారుకు అందించే పళ్ళ బిళ్ళ) కిందనుంచి నేరుగా మోటారు కడ్డీ తిరిగే పై బేరింగులోకి దిగుతాయి. అవి ఉత్త నీళ్ళు కూడా కావు. ఊరిబిండి పచ్చడి నూరితే అందులో ఉప్పూ చింతపండూ ఉంటాయి. బేరింగు తుప్పుపట్టి మొదట కీచుమంటుంది, తర్వాత బిగుసుకుంటుంది. బిగుసుకున్న మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది, చివరికి వైండింగ్, అంటే మోటారులోని తీగచుట్ట, కాలిపోతుంది. అప్పుడు అందరూ చెప్పేది ‘మోటారు కాలిపోయింది’ అని. దానికి కారణం మాత్రం ఆ గట్టు లేకపోవడం.

కప్లర్ సంగతి ఇంకా బాధాకరం. జారులో ఏదైనా ఇరుక్కుంటే ముందుగా అరగాల్సింది మోటారు మీది కప్లర్ పళ్ళే. మోటారును కాపాడడానికే దాన్ని మెత్తటి పదార్థంతో చేస్తారు. అరిగితే వంద రూపాయల లోపు పని. కొన్ని కంపెనీలు వేరే ఎవరికీ లేని ఆకారంలో కప్లర్ పెట్టి, రెండేళ్ళకు ఆ మోడల్ ఆపేస్తాయి. మోటారు బాగున్నా మిక్సీ పాత సామాన్లకు పోతుంది. జారులోనూ అంతే. బ్లేడు, బుష్, కింది కప్లర్ విడివిడిగా ఊడొచ్చేలా ఉండాలి. ఒకే ముద్దగా బిగించేస్తే బుష్ అరిగినందుకు జారే కొనాల్సి వస్తుంది.

మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తూ బ్లేడు తిరక్కపోతే అది కప్లరే. మోటారు జోలికి పోనక్కర్లేదు. చాలా మిక్సీల్లో దీనిది ఎదురు మర, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. తెలియక రెండోవైపు బలం పెట్టి విరగ్గొట్టుకున్నవే ఎక్కువ. గుయ్యిమంటూ తిరక్కుండా ఆగిపోతే వెంటనే స్విచ్ ఆపాలి. అసలు చప్పుడే రాకపోతే ప్లగ్ తీసి, పది నిమిషాలు చల్లారనిచ్చి, అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కాలి. అదే ఓవర్‌లోడ్ స్విచ్, భారం ఎక్కువైతే మోటారును ఆపేది. అది లేని మిక్సీ ఎంత చవగ్గా వచ్చినా కొనొద్దు.

ఇంట్లో ఇప్పుడున్న జారును పరీక్షించడం తేలిక. సగానికి నీళ్ళు పోసి, పొడి న్యూస్‌పేపర్ మీద పావుగంట పెట్టండి. కాగితం తడిస్తే సీలు పోయినట్టే. బ్లేడును పట్టుకుని పక్కలకు ఆడించినప్పుడు లొటలొటలాడితే బుష్ అరిగింది. తెల్లటి కొబ్బరి చట్నీలో బ్లేడు మొదట్లో సన్నటి నల్ల చార కనబడిందా, అది బుష్‌లోంచి వచ్చిన మడ్డి. ఆ చట్నీ తినకండి, ఆ జారు బాగుచేయించేదాకా వాడకండి.

లోపమున్న వస్తువు అంటగట్టి పట్టించుకోకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రెండేళ్ళ లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో కొన్నా మీరున్న జిల్లాలోనే వేయవచ్చు. విడిభాగాలు, రిపేరు వివరాలు ఒకచోట దొరకాలని కేంద్రం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. మిక్సీ కంపెనీలన్నీ తమ కప్లర్ల వివరాలు అందులో పెట్టాలని మా డిమాండు.

మన ఊళ్ళలోని షాపుల వాళ్ళకు ఒక మనవి. అడిగినవాళ్ళకు జారు తీసి అడుగు చూపించండి. బిల్లు మీద ‘మిక్సీ 1’ అని రాసి ఊరుకోకుండా మోడల్ నంబరు పూర్తిగా రాయండి. మూడేళ్ళ తర్వాత సరైన కప్లర్ వెతకాలంటే మాకు ఆ నంబరే ఆధారం.

ఇట్లు,
మిక్సీ, గ్రైండర్ మెకానిక్‌లు,
తిరుపతి.