కోయా కొండకు నడిచే ముందు

చిట్టితల్లీ,

జపాన్‌లోని బౌద్ధ క్షేత్రం కోయాసాన్‌కు కేబుల్ కారెక్కకుండా కింద కుదోయామా ఊరి నుంచి పాత దారిలో నడుస్తానన్నావు, సంతోషం. ఆ దారిలో కాళ్ళకన్నా గడియారమే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. జిసోన్-ఇన్ గుడి నుంచి పైన దాన్‌జో గారాన్ ఆలయ ప్రాంగణం దాకా ఇరవై కిలోమీటర్లు. ఆగుతూ ఏడెనిమిది గంటలు వేసుకో. రాత్రి బస గుడిలోనే కాబట్టి ఐదుకల్లా చేరాలి. ఐదున్నర, ఆరు మధ్య భోజనం వడ్డిస్తారు, ఆలస్యంగా వస్తే మళ్ళీ వండరు. అందుకే ఎనిమిదికి ముందే నడక మొదలుపెట్టు.

జిసోన్-ఇన్‌లో ఈ క్షేత్రాన్ని స్థాపించిన సన్యాసి కూకాయ్ తల్లి ఉండేదంటారు. కొండ మీదికి ఆడవాళ్ళను రానిచ్చేవారు కాదు, ఆ కట్టడిని ప్రభుత్వం 1872లో గానీ రద్దు చెయ్యలేదు.

అక్కణ్ణుంచి పైకి 180 రాతి స్తంభాలు, ఒక్కోదానికి మధ్య సుమారు 109 మీటర్లు. అంకె తగ్గుతూ వస్తుంది కనుక ఎంత మిగిలిందో ఎప్పుడూ తెలుస్తుంది. మనిషికి రెండింతల ఎత్తుంటాయి, చాలావరకు 13వ శతాబ్దంవి. ఒకదాని దగ్గర నిలబడి చూడు: అడుగున నలుచదరం భూమి, దానిమీద గుండు నీరు, త్రికోణపు కప్పు నిప్పు, అర్ధచంద్రం గాలి, కొసన మొగ్గ ఆకాశం. మన పంచభూతాలే! కింద సిద్ధం అనే పాత భారతీయ లిపిలో సంస్కృత బీజాక్షరం కూడా ఉంటుంది.

మొదట్లో పెర్సిమన్ తోటల మధ్య నిట్టనిలువు ఎక్కుడు. అక్కడ తొందరపడి చెమటలో తడిస్తే, తర్వాత గట్టు మీద చెట్ల నీడలో వణుకు పుడుతుంది. మారు చొక్కా ఉంచుకో. మధ్యలో కొట్లు దాదాపు లేవు, రెండు లీటర్ల నీళ్ళు, పులిహోర పట్టుకెళ్ళు. 60వ రాయి దగ్గర యాతాతె అనే చోట రోడ్డు దాటాలి. అక్కడికి ఒంటిగంటన్నరకైనా చేరాలి. రెండు దాటితే మొండికెయ్యకు, కీ-హోసోకావా స్టేషన్‌కు దిగి రైలెక్కు. యాతాతె నుంచి పైన దైమోన్ ద్వారం దాకా ఎక్కుడే, చీకటి పడితే వేళ్ళూ రాళ్ళూ కనపడవు. మంచు కురిసే నెలల్లో అసలు వద్దు.

గుడి భోజనంలో మాంసం, చేప, ఉల్లి, వెల్లుల్లి ఉండవు. గోమాదోఫు అనే వంటకం టోఫూలా కనిపిస్తుంది గానీ సోయా కాదు, నువ్వులూ కుజు అనే దుంప పిండీ. పొద్దున ఆరింటికో ఆరున్నరకో ప్రార్థన, మానకు.

తర్వాత ఓకునోఇన్, కూకాయ్ సమాధి ఉన్న శ్మశానం. ఇచినోహాషి వంతెన నుంచి రెండు కిలోమీటర్లు, దేవదారుల కింద రెండు లక్షల పైచిలుకు సమాధులు. 835లో ధ్యానంలోకి వెళ్ళిన కూకాయ్ ఇంకా అలాగే ఉన్నారని నమ్మిక. ఉదయం ఆరుకీ పదిన్నరకీ ఆయనకు భోజనం తీసుకెళ్తారు. పదిన్నరది చూడు. గోబ్యోబాషి వంతెన దాటాక టోపీ తియ్యాలి, ఫొటోలు తియ్యకూడదు.

తిరుగు ప్రయాణంలో ఊరి నుంచి కోయాసాన్ స్టేషన్‌కు నడవొద్దు. ఆ రోడ్డు బస్సులకే, కాలినడకను ఒప్పుకోరు. బస్సుకి చిల్లర ఉంచుకో.

నాన్న