ఎలుకల మందు కేసులు: బస్తీ దవాఖానా సిబ్బందికి

ఎలుకల మందు తిన్నారని ఎవరినైనా తీసుకొస్తే, ప్యాకెట్టో ట్యూబో ఇంటి నుంచి తెప్పించండి. వైద్యం దాన్నిబట్టే.

అసలు మోసం ట్యూబ్ పేస్టుది. అందులో ఉండేది పసుపు భాస్వరం. మొదటిరోజు వాంతులు, తర్వాత ఒకట్రెండు రోజులు మనిషి మామూలుగానే తిరుగుతాడు, ఆపైన కాలేయం చెడుతుంది. విరుగుడు లేదు. "బాగానే ఉన్నాడు కదా" అని ఇంటికి పంపకండి. 108లో గాంధీకో ఉస్మానియాకో పంపండి. ఎల్‌ఎఫ్‌టీ (కాలేయ పరీక్ష), ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే పరీక్ష) రోజూ చూడాల్సిందే.

రక్తం గడ్డకట్టనివ్వని బ్రోమాడియోలోన్ కేక్ అయితే ఐఎన్‌ఆర్ తొలిరోజు నార్మల్ వస్తుంది, 48 గంటలకు మళ్లీ చేయించాలి. పెరిగితే విటమిన్ కె1, వారాల తరబడి. ముందే ఒక డోసు ఇచ్చేస్తే ఆ 48 గంటల రిపోర్టును నమ్మలేం.

నల్లపొడి జింక్ ఫాస్ఫైడ్ కావచ్చు. వాంతిలోంచి విషవాయువు వస్తుంది, కిటికీలు తెరవండి.

ఉప్పునీళ్లు తాగించి కక్కించడం మాత్రం ఎవరికీ వద్దు.