వెస్టిండీస్ విముక్తుల బడులు: జమా ఖర్చుల వివరణ (1835–1845)

బానిసత్వం రద్దయ్యాక కరీబియన్ దీవుల్లో విముక్తుల బడుల కోసం వచ్చిన సొమ్మెంత, అది దేనికి పోయింది అన్న పద్దును మా చరిత్ర అధ్యయన కమిటీ పాఠకుల ముందు పెడుతోంది. మొత్తాలన్నీ పౌండ్లలో.

ఆరంభ నిల్వ: ఇంగ్లండ్‌కు చెందిన లేడీ మైకో 1670లో వీలునామాలో రాసిన 1,000. ఉత్తర ఆఫ్రికా సముద్రపు దొంగల చెరలోని క్రైస్తవులను విడిపించడానికి రాసిన డబ్బది. వాడకుండా ఉండిపోయి, 1830ల నాటికి లక్ష దాటింది. బానిసత్వ రద్దు కోసం పోరాడిన బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు బక్స్‌టన్ పట్టుబట్టి దాన్ని విముక్తుల చదువుకు మళ్లించారు. ఏ ఒక్క చర్చికీ కట్టుబడని సొమ్ము ఇదే.

జమ: బ్రిటిష్ పార్లమెంటు గ్రాంటు 1835లో 25,000. అందులో బడి కట్టడాలకు 20,000, ఉపాధ్యాయ శిక్షణకు 5,000. 1837 నుంచి 1841 వరకు ఏటా 30,000. ఆ తర్వాత ఏటా 6,000 కోసుకుంటూ వచ్చి 1845తో ఆపేశారు. బానిసల యజమానులకు పరిహారంగా అదే పార్లమెంటు కేటాయించింది 2 కోట్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చదవాలని కోరుతున్నాం.

ఖర్చు: కట్టడం ఖర్చులో మూడింట రెండు వంతులు గ్రాంటు, ఒక వంతు మిషనరీ సంఘం. అంటే 300 పౌండ్ల బడికి సంఘం ముందు 100 చూపించాలి. గోడలు లేచాక పంతులు జీతం, పలకలు, కప్పు మరమ్మతు అన్నీ సంఘం నెత్తినే పడ్డాయి. కట్టడం ఒక్కసారి ఖర్చు, జీతం నెలనెలా ఖర్చు. మొదటి గ్రాంటు జీతాలను లెక్కలోకే తీసుకోలేదు. 1837 నుంచి జీతాలకూ కొంత వాడుకోనిచ్చారు. మా దృష్టిలో జీతాల పద్దు మొదటి ఏడాదే ఉండాల్సింది.

శిక్షణకు పెట్టిన ఖర్చు మాత్రం నిలిచింది. 1836లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో మొదలైన మైకో సంస్థ నేటికీ ఉపాధ్యాయులను తయారుచేస్తోంది.

హాజరు గురించి: చాలా దీవుల్లో 1834 ఆగస్టు 1న అచ్చంగా విడుదలైంది ఆరేళ్లలోపు పిల్లలే. మిగతావారు 1838 ఆగస్టు 1 దాకా అప్రెంటిస్‌ల పేరుతో పాత యజమానుల దగ్గరే పనిచేయాల్సి వచ్చింది. అందుకే పగటి బడి పసివాళ్లది, పెద్దలకు రాత్రి బడి, ఆదివారం బడి. 1838 తర్వాత చాలా కుటుంబాలు చెరకు తోటలు వదిలి సొంత ఊళ్లు కట్టుకున్నాయి. తోటల పక్కన కట్టిన బడులు వాళ్లకు దూరమయ్యాయి.

గ్రాంటు ఆగాక భారం దీవుల శాసనసభల మీద, తల్లిదండ్రుల ఫీజుల మీద పడింది. 1846లో విదేశీ చక్కెర మీద బ్రిటన్ వేసే ఎక్కువ పన్నును క్రమంగా తీసేసే చక్కెర సుంకాల చట్టం వచ్చి తోటల ఆదాయం, దాంతోపాటు కూలి పడిపోయేసరికి ఆ ఫీజూ కష్టమైంది.