టోపాలజీ పేరు ఎవరిది? మంత్రిగారికో ఉత్తరం

కేంద్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద మూడేళ్లకు 6,000 కోట్లు పెట్టి, 30 మంది పబ్లిషర్ల దగ్గరున్న దాదాపు 13,000 జర్నల్స్‌ని ప్రభుత్వ విద్యాసంస్థల పిల్లలకి తెరిచారు. సంతోషం, వెటకారం కాదు. కానీ 2027తో ఆ మూడేళ్లూ అయిపోతాయి కాబట్టి, మళ్లీ సంతకం పెట్టే ముందు 'టోపాలజీ' అనే గణిత పత్రిక సంగతి ఒకసారి వినండి.

అది 1962లో ఆక్స్‌ఫర్డ్ గణితవేత్తలు మొదలుపెట్టిన పత్రిక. చొరవ తీసుకున్న వైట్‌హెడ్ గారు మొదటి సంచిక చూడకుండానే 1960లో పోయారు. అచ్చువేసిన పెర్గమాన్ ప్రెస్‌ని 1991లో ఎల్సెవియర్ అనే పెద్ద పబ్లిషింగ్ కంపెనీ కొనేసింది. వ్యాసాలు రాసేదీ గణితవేత్తలే, తప్పొప్పులు చూసేదీ వాళ్లే, వాళ్లకి జీతాలిచ్చేది యూనివర్సిటీలు, చివరికి ఆ పత్రికకి చందా కట్టాల్సిందీ ఆ యూనివర్సిటీలే, పేరు మాత్రం కంపెనీది! ధర తగ్గించండి మహాప్రభో అని అడిగి అడిగి, 2006 ఆగస్టులో సంపాదకులు తొమ్మిదిమందీ ఒకేసారి రాజీనామా ఇచ్చారు, హిచిన్, కిర్వన్ లాంటి పేరున్న గణితవేత్తలతో సహా. పేరు వెంట తీసుకెళ్లే హక్కు లేదు. అందుకే లండన్ మాథమెటికల్ సొసైటీతో కలిసి 2008లో 'జర్నల్ ఆఫ్ టోపాలజీ' అని ఇంకోటి పెట్టుకున్నారు. మొదలైనప్పుడు దాని ఏడాది చందా 570 డాలర్లు, పాతదానికి 2007లో 1,665. పాతది 2009తో మూతపడింది.

ఇది ఎక్కడో దొరల గొడవ అనుకోకండి. 1906 డిసెంబరులో మన గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న రామస్వామి అయ్యర్ గారు, విదేశీ గణిత పత్రికలు ఒక్కరే కొనలేం, తలా కొంత వేసుకుని తెప్పించుకుని ఒకరి తర్వాత ఒకరం చదువుకుందాం అని తోటివాళ్లకి ఉత్తరాలు రాశారు. ఇండియన్ మాథమెటికల్ సొసైటీ పుట్టింది అలాగే. తర్వాత వాళ్లు సొంత పత్రిక పెట్టుకున్నారు, 1911లో రామానుజన్ మొదటి పరిశోధన వ్యాసం వచ్చింది అందులోనే.

కాబట్టి నేనడిగేది రెండే. ఆ 6,000 కోట్లలో పిసరంతైనా మన సొసైటీల సొంత పత్రికలకి ఇవ్వండి, పేరు సొసైటీ దగ్గరే ఉండాలన్న షరతు పెట్టి మరీ. రెండోది, చందా ఆగిన మర్నాడు మనం డబ్బు కట్టిన ఏళ్ల సంచికలు మనకి కనబడతాయా లేదా, ఒప్పందంలో ఏముందో మామూలు భాషలో చెప్పండి.

మా లైబ్రరీలో 'టోపాలజీ' సంపుటాలు గోధుమరంగు రెక్సిన్ బైండుల్లో ఉండేవి. ఒక ఏడాది దగ్గర ఆగిపోయాయి, డబ్బుల్లేక. ఆ పక్క ఖాళీలో పాత హాజరు పట్టీలు కుక్కారు. అయినా అప్పటిదాకా కొన్నవి ఎక్కడికీ పోలేదు, దుమ్ము దులిపి చదువుకునేవాళ్లం.

ఇట్లు,
ఒక పాత లెక్కల విద్యార్థి