శామ్ రెయిమీ సినిమాలు: ఏ వరుసలో చూడాలి, ఏం గమనించాలి

అందరికీ నమస్కారం. హారర్‌లో కామెడీ ఎలా కలపాలో తెలియాలంటే హాలీవుడ్ దర్శకుడు శామ్ రెయిమీ సినిమాలు వచ్చిన వరుసలోనే చూడండి. 'ఈవిల్ డెడ్' (1981) దాదాపు అంతా భయమే. 'ఈవిల్ డెడ్ 2' (1987)లో మళ్లీ అడవిలో ఇల్లే, కానీ నవ్వు వచ్చి చేరింది. 'ఆర్మీ ఆఫ్ డార్క్‌నెస్' (1992)కి వచ్చేసరికి కామెడీదే పైచేయి. మూడు స్పైడర్‌మ్యాన్ సినిమాల తర్వాత 'డ్రాగ్ మీ టు హెల్' (2009)తో మళ్లీ పాత దారికొచ్చాడు.

రెండో సినిమాలో హీరో బ్రూస్ క్యాంప్‌బెల్ మీద అతని చెయ్యే తిరగబడే సీన్ ఆపి ఆపి చూడండి. ఆ చెయ్యి ప్లేట్లు తీసి అతని నెత్తినే పగలగొడుతుంది. అతను మాత్రం ప్రాణభయంతోనే నటిస్తాడు, నవ్వించాలని చూడడు. ఇదే అసలు కిటుకు. నటుడు జోక్ అని తెలిసినట్టు చేస్తే భయం పోతుంది, వెంటనే నవ్వూ పోతుంది.

షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లకు: 'ఈవిల్ డెడ్'లో కనిపించని దెయ్యం కళ్లతో చూస్తున్నట్టు కెమెరా అడవిలో దూసుకొచ్చే షాట్‌కి ఖరీదైన పరికరం ఏమీ లేదు. పొడవాటి చెక్క మధ్యలో కెమెరా బిగించి, చెరో కొస ఇద్దరు పట్టుకుని నేలకు దగ్గరగా పరిగెత్తారు. వైడ్ లెన్స్ తప్పనిసరి, లేకపోతే కుదుపులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. బోల్టు వదులైతే ఫ్రేమ్ ఒరిగిపోతుంది, ప్రతి టేక్‌కీ బిగించి చూసుకోండి.

రక్తానికి కార్న్ సిరప్ (మొక్కజొన్న నుంచి తీసే తియ్యటి పాకం), ఎర్ర ఫుడ్ కలర్ వాడండి. తీపి పాకం కదా, ఆరితే బట్ట అట్టలా బిగుసుకుపోతుంది. ఒకే రకం చొక్కాలు రెండు మూడు ఉంచుకోండి.